కోటేశ్వరి తెచ్చిన నాలుగో రకం

కోటేశ్వరికి కారు నడపడం రాదు. యాభై రెండేళ్ళొచ్చాయి, ఇంతవరకూ స్టీరింగు మీద చెయ్యి వేసింది దుమ్ము తుడవడానికే. అయినా సింగపూర్‌లో లెంగ్ కీ రోడ్డు మీద, మూడు నాలుగు లక్షల డాలర్ల కార్లు అమ్మే అద్దాల షోరూములో ఆవిడ సేల్స్ మనిషి. నడపడం రానిదానివి ఎలా అమ్ముతావని ఎవరైనా నవ్వితే, "పెళ్ళిళ్ళు కుదిర్చే పంతులుగారు ప్రతి పెళ్ళికూతుర్నీ తనే చేసుకుంటాడేంటండీ?" అని ఎదురు అడుగుతుంది.

ఆవిడది పాలకొల్లు. మొగుడు కేశవరావు ఇక్కడ షిప్‌యార్డులో వెల్డరుగా చేరి, సూపర్‌వైజరయ్యాక గానీ పెళ్ళాన్ని తెచ్చుకోలేకపోయాడు. హౌగాంగ్‌లో చిన్న ఫ్లాటు, ఒక్కతే కూతురు లత. పిల్ల బడికి వెళ్ళడం మొదలుపెట్టాక కోటేశ్వరి ఈ షోరూము ప్యాంట్రీలో చేరింది. కొనడానికి వచ్చినవాళ్ళకి కాఫీ, టీ కలిపివ్వడం, కప్పులు కడగడం. అలా ఒకటి కాదు రెండు కాదు, పదకొండేళ్ళు.

కాఫీ తెచ్చే మనిషిని ఎవరూ లెక్కపెట్టరు. ఆవిడ ముందు ఏదైనా మాట్లాడేస్తారు. సేల్స్‌మన్ "ఒక్క నిమిషం, మేనేజర్ని అడిగొస్తా" అని లేవగానే మొగుడూ పెళ్ళాల అసలు మాటలు మొదలవుతాయి. ఇంగ్లీషు, తమిళం, మలయ్ కోటేశ్వరికి పనికి సరిపడా వచ్చేశాయి. చైనా భాష రాకపోయినా మొహం చూస్తే తెలిసిపోతుంది కదా, పెళ్ళానికి ఇష్టం లేదని!

ఇంతకీ అసలు విద్య అది కాదు. కారు కొన్నవాళ్ళు ఆర్నెల్లకో ఏడాదికో సర్వీసుకి వస్తారు. వచ్చి అదే సోఫాలో కూర్చుంటారు, అదే కాఫీ తాగుతారు. గాజు పైకప్పు కావాల్సిందేనని పట్టుబట్టి కొన్న డాక్టరుగారు, మధ్యాహ్నమయ్యేసరికి నెత్తి మాడిపోతోందని దాని కింద గుడ్డ కట్టించుకున్నాడు. ఇరవై రెండు అంగుళాల చక్రాలు తీసుకున్న బ్యాంకు మేనేజరు, కార్ పార్కు మలుపులో గట్టుకి గీసుకున్నానంటూ మూడుసార్లు వచ్చాడు. రెండో వరసలో జమీందారు కుర్చీల్లాంటి విడి సీట్లు తీసుకున్న ఇంటివాళ్ళు, అత్తగారు దిగేసరికి ఆవిణ్ణి ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియక టాక్సీ పిలిచారు. కొనేటప్పుడు మురిసింది దేనికో, కొన్నాక ఏడ్చింది దేనికో, రెండూ విన్న మనిషి ఆ షోరూమంతా వెతికినా కోటేశ్వరి ఒక్కతే.

ఒకరోజు ఒక తెలుగు జంట లేచి వెళ్ళిపోబోతుంటే, కప్పులు తీస్తూ కోటేశ్వరి ఆ ఇల్లాలితో, "అమ్మా, మీకేం కావాలో ఎవరూ అడగలేదు కదూ?" అంది. ఆవిడ మళ్ళీ కూర్చుంది. అరగంటలో కారు అమ్ముడైంది. ఇదంతా అద్దం వెనక నుంచి చూసిన మేనేజర్ కోహ్, మర్నాడు పిలిచి, "ఆంటీ, సేల్స్ పరీక్ష రాస్తావా?" అన్నాడు. పదో తరగతి చదువు, ఇంగ్లీషు పరీక్ష. రెండుసార్లు తప్పింది. మూడోసారి లత రోజూ సాయంత్రం పక్కన కూర్చుని, "అమ్మా, యూ కెన్ లా!" అంటూ, ఇక్కడివాళ్ళలా మాట చివర 'లా' తగిలించి మరీ చదివించింది. పాసైంది.

పాసైనంత మాత్రాన అయిపోలేదు. ఆర్నెల్లు ట్రయల్. ఆఖరి నెలలో పది బుకింగులు తేవాలి. పదికి ఒక్కటి తగ్గినా మళ్ళీ ప్యాంట్రీకే. ప్యాంట్రీ పని తక్కువదని ఆవిడ ఏనాడూ అనుకోలేదు, ఆ కప్పులే కూతుర్ని చదివించాయి. కానీ ఒకసారి కుర్చీలో కూర్చుని "మీ ఇంట్లో ఎంతమందండీ?" అని అడిగిన నోటితో, మళ్ళీ "చక్కెర ఎన్ని చెంచాలండీ?" అని మాత్రమే అడగాలంటే ప్రాణం ఒప్పుకోలేదు.

సరిగ్గా ఆ ఆఖరి నెలలోనే హాల్డెన్ కంపెనీవారి కొత్త కరెంటు కారు బుకింగులు మొదలయ్యాయి. ఏడుగురు పట్టే పెద్ద బండి. కార్లు ఇంకా ఓడ ఎక్కలేదు. షోరూములో చూపించడానికి ఒకటి, తిప్పి చూపించడానికి ఒకటి, అంతే ఉన్నాయి. రకాలు మూడు. మొదటిది ప్యూర్, మూడు లక్షల ఎనిమిది వేల ఎనిమిదివందల ఎనభై ఎనిమిది డాలర్లు. రెండోది గ్రాండ్, మూడు లక్షల ముప్ఫై ఎనిమిది వేల చిల్లర. మూడోది సిగ్నేచర్, మూడు లక్షల తొంభై ఎనిమిది వేల చిల్లర. చిల్లర మాత్రం అన్నిటికీ ఎనిమిది వందల ఎనభై ఎనిమిదే. చైనావాళ్ళకి ఎనిమిది కలిసొచ్చే అంకె, నాలుగంటే హడలు.

అంత ధర ఏమిటని గుండెలు బాదుకోకండి. సింగపూర్‌లో కారు కొంటే సరిపోదు, దాన్ని పదేళ్ళు రోడ్డు మీద తిప్పుకోవడానికి సీఓఈ అని ఒక కాగితం కావాలి. నెలకి రెండుసార్లు వేలంలో దాన్ని పాడుకోవాలి. ఆ కాగితం ఖరీదుకి పాలకొల్లులో రెండు కార్లొస్తాయి. అంత పోసి కొనేవాడికి పైన ఇంకో పాతికవేలు ఎక్కువనిపించదు. సేల్స్‌వాళ్ళు ఆ పాతికవేల దగ్గరే కాచుకుని కూర్చుంటారు.

బుకింగుల తేదీ చెప్పినరోజున షోరూములో అందరి మొహాలూ వాడిపోయాయి. యూరప్‌లో కూర్చుని తేదీ పెట్టినవాళ్ళకి ఇక్కడి సంగతి ఏం తెలుసు? అది చైనావాళ్ళ ఏడో నెల. పోయిన పెద్దలు భూమ్మీదికి వచ్చి తిరిగే నెలని వాళ్ళ నమ్మకం. ఫ్లాట్ల కింద కాగితాలు కాలుస్తారు, నారింజపళ్ళు పెడతారు. ఇల్లు మారరు, పెళ్ళి మాట ఎత్తరు, కొత్త కారు జోలికి రారు. అందరికంటే ఎక్కువ కార్లు అమ్మే డెస్మండ్ ఆ రోజే సెలవు రాసిచ్చి జపాన్ వెళ్ళిపోయాడు. మిగిలినవాళ్ళలో సగంమంది అదే దారి పట్టారు.

"ఆంటీ, నీ దురదృష్టం లా," అన్నాడు కోహ్. మంచివాడే పాపం, నిజంగానే బాధపడ్డాడు. "నీ ఆఖరి నెల దీంట్లో పడింది. మార్చమని పైవాళ్ళని అడిగాను. ఒప్పుకోలేదు. నాలుగో శనివారం సాయంత్రం ఏడింటికి లెక్క చూస్తారు."

కోటేశ్వరి ఇంటికి వచ్చి చెప్పులైనా విప్పకుండా వంటింట్లో తెలుగు క్యాలెండరు ముందు నిలబడింది. వేలితో గళ్ళు లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. ఆ తర్వాత పెట్టిన కేకకి కేశవరావు చేతిలోని పేపరు జారిపోయింది.

"ఏమైందే?"

"ఏవండోయ్! అదే అమావాస్య! వాళ్ళ ఏడో నెల మొదలయ్యే అమావాస్య తర్వాతే మన శ్రావణం మొదలవుతోంది. వాళ్ళకి చచ్చిన నెల, మనకి శ్రావణ మాసమండీ!"

చంద్రుడు ఒక్కడే, నమ్మకాలు రెండు. ఆ ఏడాది రెండు నెలలూ రోజుకి రోజు కలిసి నడిచాయి. ఆషాఢమంతా చేతులు కట్టుకుని కూర్చున్న తెలుగువాళ్ళు శ్రావణం రాగానే బంగారం, బట్టలు, బండ్లు అన్నీ కొంటారు. పదకొండేళ్ళుగా ఇంచుమించు ఏటా ఆ నెలలో షోరూము బోసిపోయి ఉంటే, అదే నెలలో తెలుగు ఆడవాళ్ళు పట్టుచీరలతో ట్రైన్లలో తిరుగుతున్నారు. ఈ రెండూ కలిపి చూడాలని ఒక్కరికీ తట్టలేదు. చెప్పొద్దూ, కోటేశ్వరికీ అప్పటిదాకా తట్టలేదు.

రెండో శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. ఆ రోజు తాంబూలానికి ఒకరింటికి ఒకరు వెళ్ళడం ఎక్కడున్నా మనవాళ్ళు మానరు. కోటేశ్వరి సెలవు పెట్టి, ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని, హౌగాంగ్ నుంచి ఆంగ్ మో కియో దాకా పదకొండు ఇళ్ళు తిరిగింది. ఒక్క ఇంట్లోనూ తనంతట తాను కారు మాట ఎత్తలేదు. పసుపు రాయించుకున్న చోట బేరం పెట్టకూడదని ఆవిడ పట్టింపు. కానీ మనవాళ్ళు అడక్కుండా ఉంటారా? "ఇప్పుడు ఏం చేస్తున్నారు ఆంటీ?" అని ప్రతి ఇంట్లోనూ అడిగారు. "కార్లు అమ్ముతున్నానమ్మా," అని చెప్పి ఊరుకుంది. మిగతాదంతా వాళ్ళే అడిగారు. సాయంత్రానికి సంచీలో పదకొండు పొట్లాల నానబెట్టిన శనగలు, ఫోన్లో పద్నాలుగు కొత్త నంబర్లు పోగయ్యాయి. మూడు రోజులపాటు కేశవరావు గుగ్గిళ్ళు, శనగల కూర, మళ్ళీ గుగ్గిళ్ళు తిన్నాడు. కిక్కురుమనలేదు.

ఆ నంబర్లలోంచి జనం రావడం మొదలైంది. కోటేశ్వరి ఎవరికీ బ్యాటరీ గురించి ఉపన్యాసం ఇవ్వలేదు. ఇంట్లో ఎంతమంది? మోకాళ్ళ నొప్పులు ఎవరికి? కారు ఎండలో పెడతారా, నీడలోనా? అమ్మానాన్నలు ఏడాదికి ఎన్ని నెలలు వచ్చి ఉంటారు? ఇవే అడిగింది. అడుగుతూ పోతే ఒక్కొక్కరూ సిగ్నేచర్ దగ్గర మొదలుపెట్టి గ్రాండ్ దగ్గర ఆగారు. గ్రాండ్‌కి మామూలు పైకప్పు, ఇరవై అంగుళాల చక్రాలు, రెండో వరసలో ముగ్గురు పట్టే సీటు. దానికి నాలుగు హంగులు విడిగా తీసుకున్నారు. వెనక సీట్లలోంచి చల్లగాలి వచ్చే ఏర్పాటు తొమ్మిది వేలు, ఎక్కడానికి పక్కమెట్లు ఆరు వేలు, వెనక కిటికీలకి తెరలు మూడు వేలు, మూడో వరస బటన్ నొక్కితే మడత పడేది ఏడు వేలు. మూడో వారం ముగిసేసరికి తొమ్మిది బుకింగులయ్యాయి. చచ్చిన నెలలో తొమ్మిది!

ఇంకొక్కటి. ఆ ఒక్కదాని దగ్గరే ఆవిడ నోరు జారింది.

నాలుగో వారం గురువారం నాడు కౌశిక్ అనే ఆయన వచ్చాడు. బ్యాంకులో పెద్ద ఉద్యోగం. వెంట భార్య దీక్షిత, కరీంనగర్ నుంచి వచ్చి ఉన్న తల్లి శ్యామలాదేవి, ముందురోజే హైదరాబాదు నుంచి దిగిన బామ్మర్ది శ్యాంసుందర్. షోరూములో ఉన్నది సిగ్నేచర్ కారు. గాజు పైకప్పు, పెద్ద చక్రాలు, విడి సీట్లు. శ్యామలాదేవిని అందులోకి ఎక్కించడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. దిగేటప్పుడు ఆవిడ పళ్ళు బిగపట్టి, "మోకాళ్ళు నొస్తున్నయి బిడ్డా, జర ఆగు," అంది. కౌశిక్ వినలేదు. బామ్మర్దికి డాష్‌బోర్డు చూపించడంలో మునిగిపోయి ఉన్నాడు.

"ఆంటీ, టాప్ ఎండ్ ఎంతనో అదే చెప్పున్రి. కింది రకాలు మనకొద్దు," అన్నాడు.

కోటేశ్వరికి ఆ పెద్దావిడ మోకాళ్ళు తప్ప ఇంకేమీ కనబడలేదు. మనసులో ఉన్నది తిన్నగా బయటికి వచ్చేసింది. "అది దండగ బాబూ. మీకు గ్రాండ్ చాలు."

అంతే. కౌశిక్ మొహం నల్లబడింది. బామ్మర్ది గోడ మీది ధరల పట్టికను శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాడు.

"మాకు స్తోమత లేదనుకుంటున్నరా ఆంటీ?" అన్నాడు కౌశిక్. జవాబు కోసం ఆగలేదు. తల్లి చెయ్యి పట్టుకుని బయటికి నడిచాడు. శ్యామలాదేవి తలుపు దాకా వెళ్ళి ఒకసారి వెనక్కి తిరిగి చూసింది.

కోటేశ్వరి కుర్చీలో కూలబడి తనని తాను తిట్టుకుంది. ఏం మనిషివే నువ్వు! తెలుగువాడికి వడ్డిస్తూ 'మీకిది చాలు' అని విస్తరి దగ్గరైనా అంటామా? వద్దు వద్దన్నా ఇంకో గరిటె వేసి, వాడి చేత 'చాలు' అనిపించుకోవాలి గానీ! అందులోనూ బామ్మర్ది ముందు! పదకొండేళ్ళు మొగుడూ పెళ్ళాల మాటలు విని నేర్చుకున్న విద్యంతా ఒక్క మాటతో గంగలో కలిసిపోయింది. ఇంక మిగిలింది రెండు రోజులు, దొరికిన నంబర్లన్నీ అయిపోయాయి.

ఇంటికెళ్ళాక అన్నం సహించలేదు. కేశవరావు సంగతంతా విని, "నిజంగా ఆ గ్రాండే మంచిదా?" అని అడిగాడు.

"వాళ్ళకా? వాళ్ళమ్మగారి మోకాళ్ళకా? ముమ్మాటికీ మంచిది."

"మంచిదైతే కావచ్చునే. కానీ మూడింట్లో మధ్యది కొన్నానని బామ్మర్ది ముందు ఎవడు చెప్పుకుంటాడు? మీ తమ్ముడు ఫోనెంత బావా అని అడిగితే నేను ఒక వెయ్యి కలిపి చెప్పాను, గుర్తులేదా?"

కోటేశ్వరికి నవ్వొచ్చింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. నిజమే కదా! కారులో లోపం లేదు, ధరలో లేదు. నిలబెట్టిన చోటులో ఉంది. పైన ఒకటి, కింద ఒకటి పెట్టి మధ్యలో ఇరికిస్తే ఏ వస్తువైనా అరకొరగానే కనబడుతుంది.

శుక్రవారం పొద్దున్నే కోహ్ గదిలోకి వెళ్ళి, ఆయన బల్ల మీద తొమ్మిది ఆర్డరు కాగితాలూ పక్కపక్కన పరిచింది.

"చూడండి సార్. తొమ్మిది ఇళ్ళు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. తొమ్మిదింట్లోనూ అదే గ్రాండ్, అవే నాలుగు హంగులు. ఒక్కటి అటూ ఇటూ లేదు."

కోహ్ కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కో కాగితమూ చదివాడు. "నువ్వు చెప్పి తీయించావా?"

"నేను అడిగానంతే. చెప్పింది వాళ్ళు. సార్, ఇది మధ్య రకానికి నాలుగు అతుకులు వేసినది కాదు. ఇదే వేరే రకం. పట్టికలో దీనికి సొంత పేరు, సొంత వరస ఇవ్వండి. మొదటి ఓడలో గ్రాండ్‌లు నలభై వస్తున్నాయి కదా, ఆ నలభయ్యీ ఇలాగే తెప్పించండి."

ఆయన వెంటనే ఊ అనలేదు. ఎడిషన్ అని పేరు పెట్టుకునే హక్కు ఇక్కడి షోరూముకి ఉందా లేదా అని కాగితాలు తిరగేశాడు, ఎవరికో ఫోను చేశాడు, ఇంకెవరికో చేశాడు. కోటేశ్వరి చేతులు కట్టుకుని నిలబడింది. మూడో ఫోను పెట్టేశాక, "హక్కు ఉంది. సరే, ఫామిలీ ఎడిషన్ అందాం," అన్నాడు.

"వద్దు సార్. ఏ మగాడూ బామ్మర్ది ముందు ఛాతీ విరుచుకుని 'ఫామిలీ ఎడిషన్ కొన్నాను' అనడు."

కోహ్ పకపకా నవ్వాడు. "మా బావమరిదితో నాకూ అదే తంటా లా. మరి ఏమందాం?"

"సింగపూర్ ఎడిషన్. నలభై కార్లే. నిజం కూడా అదే కదా."

ఇంక ధర. కోహ్ పెన్ను తీసి మూడు లక్షల అరవై ఎనిమిది వేల ఎనిమిదివందల ఎనభై ఎనిమిది అని రాశాడు. నాలుగు ఎనిమిదులొచ్చాయని ఆయనకి మహా ముచ్చటగా ఉంది. కోటేశ్వరి తల అడ్డంగా ఊపింది.

"గ్రాండ్ ధరకి పాతికవేలు కలిపితే మూడు లక్షల అరవై మూడు వేల చిల్లర. తొమ్మిదిమంది ఆ ధరకే సంతకం పెట్టారు. వాళ్ళకో ధర, వెనకొచ్చినవాళ్ళకో ధరా? తప్పు సార్. ఇంకో సంగతి. మావాళ్ళు కొనేముందు అంకెలన్నీ కూడి చూసుకుంటారు. తొమ్మిదొస్తే ఇంక తిరుగుండదు. మీ అంకెలు కూడితే ఐదొస్తుంది. నా అంకెలు కూడి చూడండి."

కోహ్ క్యాలిక్యులేటర్ తీశాడు. మూడు, ఆరు, మూడు, మూడు ఎనిమిదులు. ముప్ఫై ఆరు. మూడూ ఆరూ తొమ్మిది. మళ్ళీ ఒకసారి నొక్కాడు. "నాలుగు ఎక్కడా లేదు కదా?" అని అనుమానంగా అడిగాడు.

"లేదు. మీ ఎనిమిదులు మీకున్నాయి, మా తొమ్మిది మాకుంది."

"అయ్యో ఆంటీ!" అన్నాడు కోహ్. సింగపూర్‌లో అందరూ అనే 'అయ్యో'నే అది, కానీ ఆ పూట అచ్చ తెలుగులో వినబడింది. రాసింది కొట్టేసి ఆవిడ అంకె రాశాడు. మధ్యాహ్నానికి వర్క్‌షాపులో, తిప్పి చూపించే టెస్ట్ కారుకి పక్కమెట్లు, తెరలు బిగించారు. అది గ్రాండ్ కారే, సీట్లలో గాలి అప్పటికే ఉంది. సాయంత్రానికి కొత్త పట్టిక అచ్చయింది. ప్యూర్, గ్రాండ్, సిగ్నేచర్. వాటి పక్కన విడిగా, వేరే రంగులో, సింగపూర్ ఎడిషన్.

కోటేశ్వరి కౌశిక్‌కి మెసేజ్ పెట్టింది. లత చేత ఇంగ్లీషులో రాయించలేదు, తనే తెలుగులో కొట్టింది. 'బాబూ, నిన్న నేనన్న మాట తప్పు, క్షమించండి. మీరు చెప్పిందే నిజం, మధ్యలోది మీకొద్దు. సింగపూర్‌కి నలభై కార్లే అని కొత్త ఎడిషన్ వచ్చింది. అమ్మగారిని తీసుకొచ్చి ఒక్కసారి చూపించండి. కొనమని అడగను.' పంపాక ఫోను చేతిలో పట్టుకుని కూర్చుంది. ఆయన చూసినట్టు ఫోన్లో నీలం గీతలు పడ్డాయి. జవాబు రాలేదు.

శనివారం పొద్దున కూడా రాలేదు. మధ్యాహ్నం ఒక జంట వచ్చి, కాఫీ తాగి, చక్రాలు తన్ని చూసి వెళ్ళిపోయారు. నాలుగైంది. ఐదైంది. కోహ్ తన గదిలోంచి రెండుసార్లు చూశాడు, రెండుసార్లూ తల దించుకున్నాడు. కోటేశ్వరి గోడ గడియారం వైపు చూడకూడదని ఒట్టుపెట్టుకుని, ప్రతి ఐదు నిమిషాలకీ ఒట్టు తప్పింది. పదకొండు ఇళ్ళు కాదు, ఇరవై ఇళ్ళు తిరగాల్సింది. ఆ పాడుమాట అనకుండా ఉండాల్సింది.

ఐదున్నరకి అద్దాల తలుపు తెరుచుకుంది. ముందు శ్యామలాదేవి, వెనక కౌశిక్, దీక్షిత, ఆ బామ్మర్ది.

"అమ్మ మల్లొక్కసారి చూస్తనన్నది ఆంటీ, అందుకే వచ్చినం," అన్నాడు కౌశిక్, ఇంకా బిగదీసుకునే. కోటేశ్వరి ఈసారి నోటికి తాళం వేసుకుంది. టెస్ట్ కారు వెనక తలుపు తీసి పక్కకి తప్పుకుని నిలబడింది.

శ్యామలాదేవి మెట్టుని చూసింది. కౌశిక్ చెయ్యి అందించబోతే, "వద్దు, ఆగు," అంది. తలుపు పిడి పట్టుకుంది. ఒక కాలు మెట్టు మీద పెట్టింది, రెండో కాలు లోపల పెట్టింది, కూర్చుంది. అంతే! కోటేశ్వరి బటన్ నొక్కింది. సీటులోంచి గాలి వచ్చింది.

"అబ్బ! నడుమంత సల్లగైంది," అంది ఆవిడ. ఆ తర్వాత కొడుకు వైపు తిరిగింది. "కౌశిక్, చూసినవా? నన్ను ఎవ్వలు పట్టుకోలే. నేనే ఎక్కిన."

కౌశిక్ చూశాడు. రెండేళ్ళుగా తల్లిని ప్రతి కారులోకీ చంకల కింద చేతులు వేసి ఎక్కిస్తున్నవాడు. ఆవిడ మళ్ళీ దిగింది, మళ్ళీ ఎక్కింది. చిన్నపిల్లలా మూడోసారి కూడా ఎక్కింది. దీక్షిత కళ్ళు తుడుచుకుంది. ఇప్పుడు మొగుడి దగ్గరికి వచ్చి, "ఇదే," అంది.

కౌశిక్ గొంతు సవరించుకున్నాడు. బామ్మర్ది పక్కనే ఉన్నాడు మరి. "ఇది టాప్ ఎండేనా ఆంటీ?"

కోటేశ్వరి అబద్ధం ఆడలేదు. "ధరలో సిగ్నేచర్ పైన ఉంది బాబూ, ముప్ఫై ఐదు వేలు ఎక్కువ. డబ్బు కట్టిన ప్రతివాళ్ళకీ సిగ్నేచర్ దొరుకుతుంది. ఇది మాత్రం నలభై మందికే. తొమ్మిది వెళ్ళిపోయాయి."

శ్యాంసుందర్ పట్టిక అందుకుని పెదవులు కదుపుతూ ఏదో లెక్క కట్టాడు. "బావా, కూడితే తొమ్మిదొస్తుంది," అన్నాడు. తీర్పు అక్కడే చెప్పేశాడు.

ఆరూ ఇరవైకి కౌశిక్ సంతకం పెట్టాడు. పది. కోహ్ గదిలోంచి పరుగులాంటి నడకతో వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "కన్ఫర్మ్! సోమవారం లెటర్ ఇస్తా!" అన్నాడు. కోటేశ్వరి నిలబడ్డచోటే నిలబడి రెండు చేతులతో మొహం కప్పుకుంది. గెలిచాను తల్లీ, గెలిచాను అనుకుంది. పాలకొల్లులో పదో తరగతి చదివినదాన్ని, కారు నడపడం చేతకానిదాన్ని, అందరూ పారిపోయిన నెలలో గెలిచాను. శ్యామలాదేవి వచ్చి ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, "ఏడ్వకు బిడ్డా, మంచిగైంది," అంది. అప్పుడు నిజంగానే ఏడ్చింది.

ఏడో నెల ముగిసింది. చైనా కుటుంబాలు మళ్ళీ షోరూముకి రావడం మొదలుపెట్టాయి. మోకాళ్ళకి కులమతాలూ భాషలూ ఉండవు కదా, వాళ్ళ ఇళ్ళలోనూ నాయనమ్మలూ అమ్మమ్మలూ ఉన్నారు. జపాన్ నుంచి తిరిగొచ్చిన డెస్మండ్, పట్టికలో నాలుగో వరస చూసి తెల్లబోయాడు. రెండు రోజులు సిగ్నేచర్ అమ్మబోయి అమ్మలేక, మూడోరోజు నోటు పుస్తకం పట్టుకుని కోటేశ్వరి బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఆంటీ, దీన్ని ఎలా అమ్ముతున్నావు? ముందు ఏం చెప్పాలి?"

"ముందు పెద్దావిణ్ణి ఎక్కించు. తర్వాత నోరు మూసుకో."

డెస్మండ్ అది కూడా రాసుకున్నాడు. పదకొండు రోజుల్లో నలభైలో ముప్ఫై తొమ్మిది అయిపోయాయి. ఇంకో నలభై కావాలని కోహ్ ఫ్యాక్టరీకి రాశాడు.

నలభయ్యో కారుకి ఒక చైనా కుటుంబం వచ్చింది. ఎనభై దాటిన ముసలావిడ, వెంట కొడుకు. ముసలావిడకి వాళ్ళ యాస తప్ప ఇంగ్లీషు ముక్క రాదు. కోటేశ్వరికి ఆ యాస రాదు. ఆవిడ తలుపు తీసింది, పక్కకి తప్పుకుంది. ముసలావిడ మెట్టెక్కి, కూర్చుని, కాళ్ళు ఆడించి, కొడుకుని చూసి పళ్ళు లేని నోటితో నవ్వింది. కొడుకు ఇంకేమీ అడగలేదు, కాగితాలు తెమ్మన్నాడు. అతను సంతకం పెట్టాక, అమ్మినవారి పేరు రాయాల్సిన చోట కోటేశ్వరి తన పేరు ఇంటిపేరుతో సహా పూర్తిగా, పెద్ద అక్షరాలతో రాసింది.